దీప్తి కళ్ళజోడు

సారయ్య చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పుడుకు శ్రీలత కౌంటర్ వెనక నుంచి తలెత్తి చూసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి మామయ్య చప్పట్లు కొట్టడం ఆమె చూడలేదు. గుడిలో హారతి ఇస్తున్నప్పుడు కూడా ఆయన చేతులు కట్టుకునే నిలబడతాడు. అట్లాంటి మనిషి, మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే, కిటికీ పక్క పూల్ టేబుల్ దగ్గర నిలబడి చిన్న కోడలిని చూసి పిల్లవాడిలా చప్పట్లు కొడుతున్నాడు.

"అగో, చూసిన్రా? మా చిన్న కోడలు!" అన్నాడు చుట్టూ మూగిన కుర్రవాళ్ళతో. "కాజీపేట పిల్ల. రైల్వే క్వార్టర్లల్ల పెరిగింది. వాళ్ళ క్లబ్బుల చిన్నప్పటి సంది ఆడిందట."

దీప్తి సిగ్గుపడుతూనే టేబుల్ చుట్టూ తిరిగింది. చున్నీని భుజం మీంచి తెచ్చి నడుముకు ముడేసుకుంది. పెళ్ళినాటి గోరింటాకు గోళ్ళ మీద ఇంకా ఎర్రగానే ఉంది. వంగి, ఎడమ చెయ్యి టేబుల్ మీద పరిచింది. వేళ్ళ మధ్య నుంచి కర్ర ముందుకూ వెనక్కూ మెత్తగా జారింది. ఒక్క క్షణం ఆగింది. టక్కుమని చిన్న చప్పుడు. నల్ల బంతి మూల జేబులోకి దిగిపోయింది. తెల్ల బంతి మాత్రం ఎవరో ఆగమన్నట్టు టేబుల్ నడిమధ్యలో నిలబడింది.

మళ్ళీ చప్పట్లు. ఈసారి కుర్రవాళ్ళవి కూడా.

శ్రీలత కంప్యూటర్ వైపు తిరిగి, ఆట అయిపోయిన టేబుల్ టైము ఆపింది. వేలు అవసరమైన దానికన్నా గట్టిగా నొక్కింది.

వరంగల్ చౌరస్తా నుంచి మలుపు తిరగగానే వాళ్ళ బిల్డింగు. కింద బట్టల దుకాణం, దాని మీద గంటల లెక్కన ఆడుకునే ఈ పూల్ పార్లర్, ఆ పైన ఇల్లు. దుకాణంలో పెద్ద కొడుకు ఓంకార్ కూర్చుంటాడు. చిన్న కొడుకు అఖిల్ మడికొండలో కంప్యూటర్ కంపెనీకి పోయి వస్తాడు. పార్లర్ మాత్రం ఓంకార్ భార్య శ్రీలత చేతుల మీదుగా నడుస్తుంది. పొద్దున తాళం తీసేది ఆమె. టేబుళ్ళ మీది ఆకుపచ్చ గుడ్డను బ్రష్షుతో ఒకే దిక్కుకు దువ్వేది ఆమె. బంతులు తుడిచి, అరిగిన చాక్ ముక్కలు మార్చి, వంగిపోయిన కర్రలను ఏరి పక్కన పెట్టేది కూడా ఆమే.

టేబుళ్ళు కొత్తగా దించిన రోజున తుడుస్తూ తుడుస్తూ ఒక కర్ర చేతిలోకి తీసుకుని తెల్ల బంతిని ఊరికే పొడిచి చూసింది. సారయ్య కంట పడింది. "పెట్టెయ్ బిడ్డా. మన ఇంటి ఆడోళ్ళు గది పట్టుకుంటే నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు. కోపంగా అనలేదు, మెత్తగానే అన్నాడు. కోప్పడి ఉంటే ఆమె మర్నాడు మళ్ళీ పట్టుకునేదేమో.

ఇప్పుడు ఆ నలుగురూ ఎటు పోయారు?

"శ్రీలతా," అని పిలిచాడు సారయ్య, నవ్వు ముఖంతోనే. "పిల్ల అలిసిపోయింది, జర చాయ్ చెప్పు."

ఆమె ఫోన్ తీసి కింది హోటల్‌కు చాయ్ చెప్పింది. అందరికీ చెప్పింది. తనకు చెప్పుకోలేదు.

రాత్రి అన్నాల దగ్గర కూడా అదే ముచ్చట. శ్రీలత వడ్డిస్తుంటే ఓంకార్ పప్పు కలుపుకుంటూ అడిగాడు. "మంచిగ ఆడింది గద దీప్తి? నువ్వు చూసినవా?"

"నేనేడ చూసిన? బిల్లులు చూస్కుంటున్న," అంది ఆమె.

నిజానికి ఒక్క బంతి కూడా వదలకుండా చూసింది.

*

ఆ వారంలోనే అఖిల్ ఒక కళ్ళజోడు తెచ్చాడు. చూడటానికి మామూలు నల్ల ఫ్రేమే. అద్దాలకు పవర్ లేదు, కానీ లోపల కెమెరా ఉందన్నాడు.

"వదినా, ఇది పెట్టుకోని ఆడితే దీప్తి ఏం చూస్తాందో గదే వీడియోల పడ్తది," అని కౌంటర్ మీద పెట్టి చూపించాడు. "ఇప్పుడు జనాలకు ఆడేటోళ్ళను చూసుడు పాతబడ్డది. ఆడేటోళ్ళ కంటితోని చూసుడు కావాలె. వీడియోలు పార్లర్ ఫోన్‌కు వస్తయి. అండ్ల మంచి ముక్కలు తీసి నెట్ల ఉన్న మన పార్లర్ పేజీల పెట్టు. నీకు వచ్చు గద."

వచ్చు. దసరా ఆఫర్లూ, పార్లర్ టైమింగులూ పెట్టేది ఆమే. ఇప్పుడు తోడికోడలి ఆట కూడా పెట్టాలన్నమాట.

మొదటి వీడియో ఆమె తప్పులు వెతకడానికే చూసింది. మధ్యాహ్నం పూట, పార్లర్‌లో ఎవరూ లేనప్పుడు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి పెట్టుకుంది. తెర మీద దీప్తి లేదు. గోరింటాకు వేళ్ళు ఉన్నాయి, కర్ర ఉంది, ఎదురుగా టేబుల్ ఉంది. పొద్దున తాను దువ్విన గుడ్డ, తాను తుడిచిన బంతులు. అయినా అది తన టేబుల్‌లా లేదు. ఎవరింటికో చుట్టంగా పోయి చూస్తున్నట్టుంది.

చూపు ముందుగా జేబు దగ్గరికి పోయింది. అక్కడి నుంచి రంగు బంతికి వచ్చింది, ఆ బంతి నుంచి తెల్ల బంతికి. అంతా నిలబడి ఉండగానే. శ్రీలత చేతిలోని చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. పార్లర్‌కు వచ్చే కుర్రవాళ్ళు ముందు వంగుతారు, తర్వాత గురి చూసుకుంటారు. వంకర అనిపిస్తే వంగిన చోటనే నడుము అటూ ఇటూ జరుపుతారు. దీప్తి అట్లా కాదు. లెక్క అంతా నిలబడే తేల్చుకుని వంగుతుంది. వంగాక ఇంక అనుమానం లేదు.

ఇంకో సంగతి రెండోసారి చూస్తే కానీ పట్టుబడలేదు. కొట్టబోయే ముందు చూపు టేబుల్ మీద ఎక్కడో ఖాళీ జాగాకు పోయి వస్తోంది. అక్కడ బంతి లేదు, జేబు లేదు. ఎందుకు చూస్తోంది అక్కడ? వీడియో వెనక్కి జరిపింది. మళ్ళీ జరిపింది. అప్పుడు తెలిసింది. దెబ్బ తగిలాక తెల్ల బంతి దొర్లి దొర్లి వచ్చి ఆ ఖాళీ జాగాలోనే ఆగింది. అక్కడి నుంచి రెండో బంతి అరచేతిలో పెట్టినట్టుంది.

"ఓసి నీ!" అంది శ్రీలత పైకే. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతుందో, మంట అంతకు రెట్టింపుంది. తప్పు ఒక్కటీ దొరకలేదు. చిక్కుడుకాయలు సగం ఈనెలతోనే కూరలో పడ్డాయి.

మర్నాడు పొద్దున పార్లర్ తలుపు తీసి, లోపలి నుంచి గడియ పెట్టింది. గిరాకీ వచ్చే వేళకు ఇంకా చాలాసేపుంది. కొంగు నడుముకు దోపింది. గాజులు టేబుల్ అంచుకు తగిలి గలగలమంటుంటే మోచేతి దాకా పైకి నెట్టుకుంది. గోడకున్న కర్రల్లో తేలికైనది తీసుకుంది. ఇన్నాళ్ళూ తుడిచి పెట్టిన కర్రే, ఆడటానికి పట్టుకుంటే బరువు వేరుగా తోచింది.

ఫోన్‌ను టేబుల్ అంచు మీద నిలబెట్టి వీడియో నడిపింది. దీప్తి చూసినట్టే చూసింది. జేబు, బంతి, తెల్ల బంతి. దీప్తి వంగినట్టే వంగింది. తెరలో కర్ర కుడివైపు కింది మూల నుంచి మొదలై ఏటవాలుగా బంతి మీదికి పోతోంది. తన కంటికి మాత్రం కర్ర నిట్టనిలువుగా కనపడుతోంది. తల కొంచెం జరిపింది. ఇంకొంచెం జరిపింది. చివరకు తనకు కూడా కర్ర అట్లాగే ఏటవాలుగా కనిపించింది. మెడ పట్టేసింది కానీ బొమ్మ కుదిరింది.

కొట్టింది. దగ్గరి బంతి జేబులో పడింది.

తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ పెట్టుకుని కొట్టింది. మళ్ళీ పడింది. ఆ రోజంతా కౌంటర్ దగ్గర ఆమె ముఖంలో ఏదో వెలుగుంది. ఓంకార్ భోజనానికి పైకి వచ్చినప్పుడు "ఏంది, ఖుషీగున్నవ్?" అని కూడా అడిగాడు.

సాయంత్రం దీప్తి వచ్చి ఆడేసరికి ఆ వెలుగు ఆరిపోయింది. అవే బంతులు, అదే టేబుల్. ఆమె చేస్తే ఆటలా ఉంది, తాను చేసింది దొంగతనంలా ఉంది.

ఇది రోజూ సాగింది. పొద్దున గడియ పెట్టి ఆడటం, మధ్యాహ్నం వీడియోలు చూడటం, సాయంత్రం దీప్తి ఆడుతుంటే బిల్లులు కొడుతూ కుళ్ళుకోవడం. దగ్గరి బంతులు బాగానే పడుతున్నాయి. దూరపు బంతులు మాత్రం ఒక్కటీ పడదు. ప్రతిసారీ జేబు అంచుకు తగిలి, ప్రతిసారీ కుడిపక్కకే తప్పిపోతోంది. ఎక్కడ పొరపాటు? వీడియోలో ఉన్నది ఉన్నట్టు చేస్తోంది కదా! దీప్తి ఏదో ఒకటి దాచిపెడుతోందనిపించింది. కళ్ళజోడు కూడా పట్టుకోలేనిది ఆ మనిషి దగ్గర ఏదో ఉంది.

పేజీ చూసేవాళ్ళు పెరిగారు. హన్మకొండ నుంచి, కాజీపేట నుంచి కుర్రవాళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. సారయ్య రోజూ సాయంత్రం తోటి వ్యాపారులను వెంటబెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. "మా చిన్న కోడలు" అని చూపిస్తున్నాడు. కౌంటర్ వైపు తిరిగి "శ్రీలతా, వీళ్ళకు చాయ్ చెప్పు" అంటున్నాడు. "మా పెద్ద కోడలు" అని ఒక్కసారీ అనలేదు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకాయన ఆమెను జీతానికి పెట్టుకున్న మనిషే అనుకున్నాడు. "చక్కెర తక్కువ చెప్పమ్మా" అన్నాడు. సారయ్య ఆ మాట వినలేదు. దీప్తి విన్నది. కర్ర మొనకు చాక్ రుద్దుతూ శ్రీలత వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో జాలి ఉందనిపించింది శ్రీలతకు. దాంతో ఒళ్ళు మండిపోయింది.

*

ఆ కామెంట్ శుక్రవారం వచ్చింది.

పేరు ఊరు లేనివాడెవడో వీడియో కింద రాశాడు. "బట్టల బ్యారం నడుస్తలేదా సారయ్యా, కోడండ్లను ఆటకు పెట్టినవ్?" దాని కింద ఇంకెవడో పళ్ళికిలించిన బొమ్మలు పెట్టాడు.

శ్రీలత చదివింది. ఇట్లాంటివి ఇంతకుముందు కూడా వచ్చాయి. వేలితో నొక్కి పట్టి తీసిపారేసేది, మరుక్షణం మరిచిపోయేది. ఈసారి కూడా వేలు అక్కడిదాకా పోయింది. ఆగింది.

మధ్యాహ్నం సారయ్యకు అన్నం వడ్డించింది. దొండకాయ వేపుడు ఆయనకు ఇష్టమని ఇంకో గరిటె వేసింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక, ఫోన్ పట్టుకుని పక్కన నిలబడింది.

"మామయ్యా, ఎవరో ఇట్ల రాసిన్రు. తీసెయ్యమంటరా?"

గొంతులో బాధ పలికించింది. కొంత నిజం బాధే కావచ్చు, ఎంతో ఆమెకే తెలియదు. సారయ్యకు ఫోన్‌లోని చిన్న అక్షరాలు ఆనవు. "చదువు," అన్నాడు. ఆమె చదివింది. మెల్లగా, ఒక్కో మాట విడివిడిగా చదివింది.

సారయ్య ముఖం నల్లబడింది. చెవులు ఎర్రగా అయ్యాయి.

"నాదే తప్పు," అన్నాడు. "నలుగురు ఏమనుకుంటరని నీకు చెప్పినోన్ని నేనే గద. నువ్వు మాట విన్నవ్ బిడ్డా. నీకున్న తెలివి నాకు లేకపాయె."

ఇన్నేళ్ళలో మామయ్య నోట తన గురించి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. అది ఎందుకు వచ్చిందో తలుచుకుంటే మింగుడు పడలేదు.

ఆ సాయంత్రం దీప్తి కిందికి రాలేదు. "కొన్ని రోజులు ఆగమన్నడు నాయిన," అని అఖిల్ తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు. ఇంకా ఏదో అనబోయి, మెట్ల మీద తండ్రి ఎదురు రావడంతో కిందికి దిగి వెళ్ళిపోయాడు. ఆట చూడటానికి వచ్చిన కుర్రవాళ్ళు కొంతసేపు తచ్చాడి, "ఇయ్యాల లేదా?" అని అడిగి పోయారు. సారయ్య కూడా పార్లర్‌లోకి అడుగు పెట్టలేదు.

శ్రీలత కౌంటర్ దగ్గర ఒక్కతే కూర్చుంది. ఆమె కోరుకున్నది ఇదే. కిటికీ పక్క టేబుల్ ఖాళీగా ఉంది. చప్పట్లు లేవు. హాయిగా ఉండాలి కదా? ఫోన్ తీసి చూసింది. కొత్త వీడియో రాలేదు. పాతవి తిరగేసింది. ఏ బంతి ఏ జేబులో పడుతుందో ముందే తెలిసిపోతోంది. మొదటిసారిగా ఆమెకు దీప్తి మీద బెంగ లాంటిది కలిగింది. వెంటనే దాని మీద కూడా కోపం వచ్చింది.

ఇంట్లో దీప్తి ఏమీ అనలేదు. కూరగాయలు తరిగింది, బట్టలు మడతపెట్టింది, "అక్కా, ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. అలిగి మూలన కూర్చున్నా బాగుండేది.

*

ఆదివారం పొద్దున శ్రీలత గడియ పెట్టడం మరిచిపోయింది.

దూరపు బంతి పెట్టుకుంది. తల జరిపి, మెడ వంచి, కర్ర ఏటవాలుగా కనిపించేదాకా సర్దుకుంది. కొట్టింది. బంతి కుడిపక్కకే తప్పింది.

"తల గంత ఎడమ దిక్కు పెట్టుకున్నవేందక్కా?"

శ్రీలత ఉలిక్కిపడింది. తలుపు దగ్గర దీప్తి ఒక చేత్తో చాయ్ గ్లాసు, ఒక చేత్తో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో!

కర్ర దాచేందుకు చోటు లేదు. టేబుల్ అంచు మీద ఫోన్‌లో దీప్తి వేళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"నువ్వు గట్లనే పెడ్తవ్ గదా," అంది శ్రీలత.

"నేనా? నేనెప్పుడు పెట్టిన?"

"వీడియోల గట్లనే ఉన్నది."

దీప్తి దగ్గరికి వచ్చి ఫోన్ చూసింది. తోడికోడలిని చూసింది. ఒక్కసారిగా నవ్వింది. మంచి నవ్వు కాదది, తెగిపోయినట్టు వచ్చి తెగిపోయినట్టే ఆగింది.

"కెమెరా కళ్ళజోడుకు ఎడమ మూలకుంటదక్కా, నా కంట్ల ఉండదు. నేను కొట్టినప్పుడు కర్ర నా గడ్డం కిందికెళ్ళి పోతది. నాకు నిట్టనిలువుగనే కనవడ్తది. నువ్వు చూసింది నేను చూసింది గాదు."

శ్రీలత కర్ర టేబుల్ మీద పెట్టేసింది. మెడ నొప్పి అప్పుడు తెలిసింది. ఇన్ని రోజులూ ఆమె కళ్ళల్లోకి దూరి కూర్చున్నాననుకుంది. కూర్చున్నది కళ్ళజోడు కొసన.

"రోజు ఆడుతానవా?" అని అడిగింది దీప్తి.

"ఊఁ."

"నన్ను అడిగితే నేను నేర్పకపోదునా?"

"నిన్నెందుకు అడగాలె?" గొంతు తాను అనుకున్న దానికన్నా పైకి లేచింది. "నేను ఈ టేబుళ్ళు వచ్చిన్నాడే కర్ర పట్టుకున్న. పెట్టెయ్ అన్నడు మామయ్య. పెట్టేసిన. నువ్వు నిన్నగాక మొన్నొచ్చినవ్. నీకు చప్పట్లు కొట్టిండు. నీ చాయ్ నేను చెప్పిన."

దీప్తి చాయ్ గ్లాసు కౌంటర్ మీద పెట్టింది. చున్నీ కొసతో చెయ్యి తుడుచుకుంది.

"మామయ్యకు ఫోన్ల చదువరాదు," అంది తర్వాత. "ఎవరు చదివి వినిపిచ్చిన్రో నాకు తెల్వదా అక్కా?"

కింద దుకాణం షట్టర్ పైకి లేస్తున్న చప్పుడు వినిపించింది. ఓంకార్ కిందికి దిగాడన్నమాట.

"మరి ఎందుకు అడగలే నన్ను?" అంది శ్రీలత.

"అడిగితే నువ్వు లేదంటవ్. నేను ఔనంట. తర్వాత ఇద్దరం ఒక్క ఇంట్ల ఎట్లుండాలె?" దీప్తి కోపం ఆపుకుంటూ టేబుల్ అంచు పట్టుకుంది. "నీకేం దెలుసక్కా. నన్ను ఆడిచ్చిన్రు, చాలన్నరు, మానిపిచ్చిన్రు. నన్నేమన్న అడిగిన్రా? నీ మీద పార్లర్ వదిలిపెట్టి నిమ్మళంగ ఉంటరు అందరు. 'శ్రీలత చూస్కుంటది' అంటరు. గా మాట నా గురించి ఎవరన్న అంటరేమోనని ఎదురుచూస్తాన నేను."

శ్రీలత ఆమె ముఖంలోకి చూసింది. తన మీద ఎవరైనా అసూయ పడతారని ఆమెకు ఎన్నడూ తోచలేదు. అసూయ పడేంత ఏముంది తన దగ్గర? తాళాలు, బ్రష్షు, బిల్లుల కంప్యూటర్!

"వంగు," అంది దీప్తి.

"ఏందీ?"

"వంగక్కా. మెడ గట్ల పెడితే ఉన్న ఆట గూడ పోతది."

శ్రీలత వంగింది. ఎందుకు వంగిందో ఆమెకే తెలియదు. దీప్తి రెండు వేళ్ళు ఆమె గడ్డం కింద పెట్టి తలను కుడివైపు జరిపింది. మెత్తగా ఏమీ జరపలేదు, గోరు గీసుకుంది. కర్ర నిట్టనిలువుగా కనిపించింది, మొదటి రోజు తన కంటికి కనిపించినట్టే.

"కొట్టు."

కొట్టింది. బంతి ఈసారి ఎడమపక్కకు తప్పింది.

"అలవాటైంది గద, పోవాలంటే టైం పడ్తది," అని దీప్తి గ్లాసు చూపించింది. "చాయ్ సల్లగైతాంది, తాగు." మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

*

ఆ మధ్యాహ్నం మడికొండ నుంచి ఆడపిల్లలు వచ్చారు.

అఖిల్ పక్క ఆఫీసులో పనిచేసేవాళ్ళట, ఒక గుంపు. మానస అనే అమ్మాయి వాళ్ళకు పెద్దలా ముందు నడిచింది. దీప్తి వీడియోలు చూసి ముందే మెసేజ్ పెట్టారు, ఆదివారం వస్తామని. శ్రీలతే "రండి" అని జవాబిచ్చింది. ఈ గొడవలో ఆ సంగతి మరిచిపోయింది.

"దీప్తక్క ఉన్నదా? ఆమె ఆట చూద్దామని వచ్చినం. మాకు గూడ జర నేర్పుతదేమోనని," అంది మానస.

సారయ్య అప్పుడే పైకి వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు. దీప్తి కూడా అక్కడే ఉంది. అన్నాలకు రమ్మని పిలవడానికి వచ్చి, ఈ పిల్లలను చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"లేదమ్మా, మా కోడలు ఇప్పుడు ఆడుతలేదు," అన్నాడు సారయ్య. "మీరు ఆడుకోండ్రి. టేబుళ్ళు ఖాళీగనే ఉన్నయి."

ఆ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుమ్మంలో ఉన్న దీప్తిని గుర్తుపట్టారు. "అగో, ఆ అక్కనే," అని ఒకమ్మాయి గుసగుసగా అంది. దీప్తి నేల చూపులు చూసింది. మానసకు ఏదో అర్థమైంది. "సరే అంకుల్, మళ్ళొస్తం," అని వెనక్కి తిరిగింది.

శ్రీలత కౌంటర్ దగ్గర లేచి నిలబడింది.

"ఆడుతది," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"శ్రీలతా," అన్నాడు సారయ్య హెచ్చరికగా. "గా రాసింది యాదికి లేదా? నువ్వే చదివితివి గద."

"నేనే చదివిన మామయ్యా. చదవకుంట తీసేసేదుండె. గసొంటివి మస్తు తీసేసిన, మీకు ఎన్నడన్న చెప్పిన్నా?" ఆమె దీప్తి వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని భయం. "దీప్తి ఆడుతాంటే ఓర్వలేక చూపిచ్చిన. మీరు మానిపిచ్చిన్రు. గంతే."

బయటివాళ్ళ ముందు ఇంటి మాట మాట్లాడిందని సారయ్య ముఖం తిప్పుకున్నాడు.

శ్రీలత కౌంటర్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. గోడకున్న కర్రల్లో మంచిది ఏరి దీప్తి ముందుకు చాపింది. దీప్తి వెంటనే తీసుకోలేదు. మామయ్యను చూసింది, తోడికోడలిని చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"ఎవరితోని ఆడాలె?" అని అడిగింది.

"నాతోని."

ఇంకో కర్ర తన కోసం తీసుకుని, శ్రీలత మామగారి వైపు తిరిగింది.

"కౌంటర్ జర మీరు చూస్కోండి మామయ్యా."

సారయ్య లేచాడు. వెళ్ళిపోతాడేమో అనుకుంది. మెట్ల వైపు రెండడుగులు వేశాడు కూడా. అప్పుడే లోపలికి వచ్చిన కుర్రవాళ్ళిద్దరు "అంకుల్, టేబుల్ కావాలె" అని అడ్డం నిలబడ్డారు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. కౌంటర్ వెనక్కి పోయి కూర్చున్నాడు. ముఖం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నాడు.

"ఇండ్ల టైం ఎట్ల పెట్టాలె?" అని కాసేపటికి అడిగాడు, ఎవరివైపూ చూడకుండా.

"పచ్చ బటన్ ఒత్తాలె," అంది శ్రీలత.

ఆట మొదలైంది. మానస వాళ్ళు చుట్టూ నిలబడ్డారు. శ్రీలత గాజులు పైకి నెట్టుకుంది. చేతులకు చెమట పట్టి కర్ర సరిగ్గా జారడం లేదు. మొదటి బంతి పడింది. ఎవరో పిల్ల "వావ్" అంది. రెండోది దూరపు బంతి. తల ఎక్కడ పెట్టాలో ఒకసారి తికమకపడింది, కర్ర గడ్డం కిందికి తెచ్చుకుంది, కొట్టింది. జేబు దాకా పోయి ఆగిపోయింది.

తర్వాత దీప్తి వంతు. కళ్ళజోడు లేదు. నిలబడి చూసింది, వంగింది, కొట్టింది. ఒక బంతి పడింది. టేబుల్ చుట్టూ నడిచి ఇంకోటి. ఆమె నడుస్తుంటే పిల్లలు పక్కకు తప్పుకుంటున్నారు. శ్రీలత కర్ర పట్టుకుని నిలబడి చూస్తూ ఉంది. దీప్తి చూపు ఖాళీ జాగాకు పోయి రావడం ఈసారి ఎదురుగా కనిపించింది. తెల్ల బంతి అక్కడికే వస్తుందని శ్రీలతకు ముందే తెలుసు. తెలిసినా చేయగలిగింది లేదు. బంతి పడుతున్నంతసేపూ వంతు దీప్తిదే, శ్రీలతకు మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు. నల్ల బంతి చప్పుడు లేకుండా నడి జేబులోకి దిగిపోయింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కౌంటర్ వెనక సారయ్య చేతులు కూడా కొంచెం లేచాయి. పెద్ద కోడలు చూస్తోందని గమనించి, ఆ చేతులతోనే కంప్యూటర్ మీది దుమ్ము తుడిచాడు.

శ్రీలతలో మళ్ళీ అదే మంట లేచింది. పోయిందనుకుంది కానీ పోలేదు. పొద్దున మాట్లాడుకున్న మాటలకూ, ఇప్పుడు అందరి ముందూ ఒప్పుకున్న తప్పుకూ అది పోయేది కాదు. కాకపోతే ఇన్నాళ్ళూ దాన్ని కౌంటర్ వెనక కూర్చుని మింగింది. ఇప్పుడు చేతిలో కర్ర ఉంది.

దీప్తి నుదురు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

"చాల్ అక్కా, రేపు ఆడుదాం. ఆకలైతలేదా నీకు?"

శ్రీలత జేబుల్లోంచి బంతులు ఒక్కొక్కటే తీసి టేబుల్ మీదికి దొర్లించింది. ముక్కోణపు చట్రంలో వాటిని బిగించి పేర్చి, తెల్ల బంతిని తన ముందు పెట్టుకుంది.

"రేపు గాదు," అంది. "ఇంకోటి ఆడు. ఇప్పుడే."